మూడు నిమిషాల సాక్ష్యం

కోస్గికి దగ్గరలోని ఒక ఊరిలో, రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరంలో, యాదలక్ష్మి ఎనిమిదేళ్లుగా ఒకే సాక్ష్యం చెబుతూ వచ్చింది. 2015 వానాకాలంలో కంది చేలో కలుపు తీస్తుండగా ఆమె భర్త ఐలేశాన్ని పాము కరిచింది. అతడు బతికాడు. ఆరాధనలో పాటలకూ వాక్య బోధకూ నడుమ, దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందు లేచి చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ; దాన్నే సాక్ష్యం అంటారు.

మొదటిసారి ఆమె అంతా చెప్పింది. భర్తను గట్టు మీద పడుకోబెట్టి ప్రార్థించడం, ఆటోలో కోస్గికి, అక్కడి నుంచి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తరలించడం, విషానికి విరుగుడుగా ఇచ్చిన పది సూదులు, అక్కడ గడిపిన నాలుగు రోజులు. కానీ మందిరంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలే గడువు. మరుసటి ఏడాది ఆమె ఆటో సంగతి తగ్గించింది. ఆ తర్వాతి ఏడాది సూదుల సంగతి. మోసగించాలన్న తలంపు ఆమెకు లేదు. గట్టు మీద ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి మందిరమంతా ‘హల్లెలూయా’ అనేది; ఆటో దగ్గర ఎవరూ అనలేదు. వినేవారి గొంతు లేచిన చోట కథ పెరిగింది, లేవని చోట రాలిపోయింది. నాలుగో ఏటికల్లా ఆమె కథలో ఐలేశం గట్టు మీది నుంచే లేచి ఇంటికి నడిచి వచ్చాడు.

“ఏమే, ఈసారి నడిపిస్తవా, ఉరికిస్తవా?” అని ఐలేశం వేళాకోళం చేసేవాడు.

“నోర్మూసుకొని కూసో. బతికినవా లేదా?” అనేది యాదలక్ష్మి.

క్రమంగా జ్వరం వచ్చినా, కాన్పు కష్టమైనా జనం ఆమె దగ్గరికే రాసాగారు. యాదక్క చెయ్యి పెడితే చాలన్నారు. ఆమె కాదనలేదు. ఆ మాట ఆమెకు నచ్చింది కూడా.

2023 ఆగస్టులో ఒక ఆదివారం, పాట నడుస్తుండగా, పక్క చేను రైతు వెంకటేశ్‌ను ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మందిరం అరుగు మీద పడుకోబెట్టారు. వెంట అతని భార్య భాగ్యలక్ష్మి. వాళ్లు మందిరానికి వచ్చేవాళ్లు కాదు.

“యాదక్కా, మా ఆయనను పాము కరిసింది! నీ ఇంటాయనను లేపినట్టే లేపు!”

“దవాఖానకు తీస్కపోలేదా?”

“ఎందుకక్కా? నువ్వు పోయినవా? గా మైకుల ఏండ్ల సంది ఇంటున్నకద, గట్టు మీదనే లేసిండని!”

వెంకటేశ్ తల మీదికి చాచిన యాదలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. అతని పాదం పిక్క దాకా వాచింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. నిజం చెబితే ఇన్నేళ్ల సాక్ష్యం అందరి ముందూ కూలుతుంది. చెప్పకుంటే ఈ మనిషి ఇక్కడే పోతాడు.

“పోయిన, భాగ్యా!” అందామె గట్టిగా. “పది సూదులిచ్చిండ్రు, నాలుగు దినాలు పండవెట్టిండ్రు. గట్టు మీద లేవలేదు. నేను చెప్పింది సగమే.” ఆటో నడిపే నరేష్ వైపు తిరిగి, “నరేష్, ఆటో తియ్యి!” అంది.

పాస్టరు ప్రవీణ్ ఒక్క క్షణం ఆమె వైపు చూసి బైబిలు మూశాడు. “ప్రార్థన దారిల చేసుకుందం. ముందు ఎక్కియ్యిండ్రి,” అన్నాడు.

ఆటోలో యాదలక్ష్మి వెంకటేశ్ కాలు కదలకుండా పట్టుకొని కూర్చుంది. ఇంజను మోతలో ఆమె ప్రార్థన పక్కనున్న భాగ్యలక్ష్మికి కూడా వినబడలేదు. ఈ మనిషిని కాపాడు ప్రభువా అన్న ఒక్క మాటే మళ్లీ మళ్లీ. ఇంత చిన్న ప్రార్థన ఆమె ఎన్నో ఏళ్లుగా చేయలేదు.

కోస్గిలో మొదటి సూదులు పడ్డాయి. మహబూబ్‌నగర్‌లో మిగిలినవి. మూడో రోజు ఉదయం వెంకటేశ్ కళ్లు పూర్తిగా తెరిచి జొన్నరొట్టె అడిగాడు.

“సచ్చి బతికి రొట్టె గావాల్నా నీకు? గంజి తాగు!” అని భాగ్యలక్ష్మి తిట్టింది. తిడుతూనే నవ్వింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తర్వాతి ఆదివారం యాదలక్ష్మి తానే అడిగి లేచింది. ఆటో, సూదులు, రెండు దవాఖానలు, గట్టు మీది ప్రార్థన, అన్నీ వరుసగా చెప్పింది. తాను ఏ ఏడాది ఏది వదిలేసిందో కూడా చెప్పింది.

ముందు వరుసలోని ముసలామె సుభద్రమ్మ అడిగింది: “గిన్నేండ్లు ఎందుకు దాసినవే, బిడ్డా?”

“మీరు మెచ్చుకునేది చూస్కుంట చెప్పిన, అవ్వా. దేవుడు ఇంటున్నడన్నది మరిసిన.”

సుభద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. “ఇగ ఆ బరువు మోయకు,” అంది. వెంకటేశ్ కోసం, మందు కోసం, మందిచ్చిన వాళ్ల కోసం దేవునికి స్తుతి చెప్పుదామని ప్రవీణ్ అన్నాడు. అందరూ మోకరించారు.

ఇంటికి వచ్చిన యాదలక్ష్మి ఇంత అన్నం తిని చాప మీద ఒరిగింది. పొద్దు గూకే దాకా కదలకుండా నిద్రపోయింది. ఐలేశం ఆమెను లేపకుండా మేకలను తానే కట్టేసి వచ్చాడు.