ఆ ఏటి టమాటా నారు

ప్రెస్సులో అందరూ ఆమెను బైండింగక్క అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా అక్కడ అచ్చయిన ఫారాలు మడిచి, వరసగా పేర్చి, మైనం పూసిన దారంతో పుస్తకాలు కుడుతోంది. ఆమె కుట్టిన పుస్తకాన్ని రెండు అట్టలూ పట్టుకుని దులిపినా ఒక్క కాగితం ఊడదని ప్రెస్సు యజమాని కొత్తగా చేరినవాళ్లకి గొప్పగా చెప్తుంటాడు. అలాంటి చెయ్యి ఆ చలికాలంలో విరిగింది. తడి మెట్టు మీద కాలు జారి, మనిషి బరువంతా కుడి మణికట్టు మీద పడింది. ఆరు వారాలు పిండికట్టుతో ఉంది.

కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎముక బాగానే అతికింది. కాకపోతే ఇంకో నెల జాగ్రత్తగా ఉండాలి. బరువులెత్తొద్దు, బట్టలు పిండొద్దు, తవ్వడాలూ అవీ అసలే వద్దు," అంది.

మిగతావన్నీ సరే గానీ తవ్వొద్దనేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇంటి వెనక పన్నెండడుగుల పొడవూ ఎనిమిదడుగుల వెడల్పూ ఉన్న పెరడుంది. చలి వెనకపట్టగానే ఆ మట్టిని తిరగేసి, ఎరువు కలిపి, మళ్లు కట్టడం ఆమెకి ఏటేటా ఉన్న పని. ఈ ఏడు కట్టుతో ఉండి కూడా ఊరుకోలేదు. ఎడమ చేత్తోనే పాత కప్పుల్లో మట్టి నింపి, వంటింటి కిటికీలో టమాటా గింజలు వేసింది. ఇరవై నాలుగు మొలిచాయి. ఇప్పుడు అవి జానెడెత్తు పెరిగి, అద్దానికి మొహాలానించి బయటికి చూస్తున్నాయి. నాటడానికి మడే లేదు.

"నేను తవ్వుతాలే," అన్నాడు వాళ్లాయన.

ఆమె నమ్మలేనట్టు చూసింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఏ రోడ్డులో ఎన్ని గుంతలున్నాయో కళ్లు మూసుకుని చెప్తాడు గానీ, మొక్కల సంగతిలో ఓనమాలు కూడా తెలియవు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో పెరట్లోకి ఆయన వెళ్లింది బట్టలు ఆరేసిన తాడు తెగినప్పుడు కట్టడానికే.

ఆదివారం పొద్దున్నే ఆమె గడప దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. ఆయన లుంగీ ఎగ్గట్టి పార పట్టాడు.

"అలా కాదండీ పట్టుకునేది. అది స్టీరింగు కాదు, పార."

"మరి గేరెక్కడుందో చెప్పు, మార్చుకుంటా."

"ముందు బ్రేకు వెయ్యండి. గోడ పునాది దాకా వెళ్లిపోతున్నారు."

మధ్యాహ్నానికి ఆయన అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఆపలేదు. రెండు ఆదివారాల్లో మొత్తం పెరడు తిరగేసి, గడ్డలన్నీ చితక్కొట్టి, మూలన మగ్గిన ఆకుల ఎరువు కలిపి, మూడు మళ్లు కట్టాడు. అంచులు స్కేలు పెట్టి గీసినట్టొచ్చాయి. ఆమె ఎన్నడూ అంత తిన్నగా కట్టలేదు. ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ సాయంత్రం ఆయన అరచేతులకి తనే వెన్న రాసింది.

ఆ ఏడు వాతావరణానికి మాట మీద నిలకడ లేదు. పొద్దున స్వెట్టరు, మధ్యాహ్నం ఫ్యాను, సాయంత్రానికి గొడుగు. రేడియోలో ఎండ అంటే వానొచ్చేది. ఆయన రోజూ, "ఇవాళ నాటేద్దామా?" అని అడిగేవాడు. "ఇంకో పది రోజులాగండి. ఈ ఎండని నమ్మకూడదు," అనేది ఆమె.

ఆమె మళ్లీ ప్రెస్సుకి వెళ్తోంది. కుట్టుపని ఇంకా ఇవ్వలేదు, కాగితాలు లెక్క చూసి పేర్చడమే. ఆ బుధవారం ఆయనకి సెలవు. అప్పటికి మూడు రోజులుగా వెచ్చగా కాస్తోంది. నారు కప్పుల్లో పొడవుగా సాగి వాలిపోతోందని ముందురోజు ఆమె దిగులుపడటం ఆయన విన్నాడు. పాపం, చెయ్యి నొప్పితో ఉన్న మనిషి, ఇంటికొచ్చేసరికి సంతోషపెడదామనుకున్నాడు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి ఇరవై నాలుగు మొక్కలూ మళ్లల్లో ఉన్నాయి. బస్టాపులో క్యూ కట్టినట్టు ఒక్కటి కూడా వరస తప్పలేదు. ప్రతి మొక్కకీ పక్కన ఒక పుల్ల, దానికి మెత్తటి గుడ్డపీలిక. ఆయన చీపురు చేత్తో పట్టుకుని, మార్కులకోసం చూస్తున్న పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె ఆకాశం వంక చూసింది. ఆయన మొహం వంక చూసింది. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, "ఎంత బాగా నాటారండీ!" అంది.

మర్నాడు తెల్లవారుతుండగా రేకుల మీద రాళ్లు విసిరినట్టు చప్పుడైంది. ఉలిక్కిపడి లేచింది. వడగళ్లు. పక్కన ఆయన లేడు. వెనక తలుపు బార్లా తీసుంది.

పరుగున వెళ్లి చూస్తే, మొదటి మడిలో రెండు బకెట్లు, బట్టలుతికే తొట్టి, పప్పు కుక్కరు బోర్లించి ఉన్నాయి. ఇంట్లో దొరికినవి అంతే కాబోలు, మూడో మడి మీద ఏమీ లేదు. రెండో మడి మీద ఆయన తనే వంగి ఉన్నాడు. మోకాళ్లూ అరచేతులూ బురదలో ఆనించి, డ్యూటీకి వేసుకునే రబ్బరు కోటు వీపు మీద కప్పుకుని, కింద మొక్కలకి తగలకుండా పొట్ట లోపలికి పీల్చుకుని. వడగళ్లు ఆ వీపు మీద టపటపా పడుతున్నాయి.

"ఏవండీ! మీకేమైనా మతిపోయిందా? లోపలికి రండి!"

"నువ్వు రాకు, జారతావు!" అని అరిచాడు ఆయన, తలెత్తకుండానే. "ఆ చెయ్యి మళ్లీ విరిగితే నేను చచ్చినంత పని!"

పది నిమిషాల్లో వడగళ్లు ఆగాయి. ఆయన వణుకుతూ వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఆమె ఎడమ చేత్తో తల తుడుస్తుంటే, "నాదే తప్పు. పది రోజులాగమన్నావు. నేనే తొందరపడ్డాను," అన్నాడు చిన్నగా.

తిట్టాలంటే ఆమెకి నోరు రాలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పెరడంటే తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నేళ్లూ. ఈ మనిషికి అది పట్టదనుకుంది. దానికోసం వడగళ్లకి వీపు ఒప్పజెప్పే మనిషి ఇంట్లోనే ఉన్నాడని ముప్ఫై ఏళ్లకి తెలిసింది.

ఆ వెనకే రెండు రోజులు చలిగాలి కొట్టింది. బకెట్ల కింద, తొట్టి కింద, ఆయన పొట్ట కింద బతికిన వాటిలో కూడా చివరికి మిగిలినవి మూడే.

బస్సెక్కిన తెలిసినవాళ్లందరికీ ఆయన తన ఘనకార్యం చెప్పుకున్నాడు. అందులో ఒకరు ఎదురింటి లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఏ పనీ వేళకి చెయ్యనని ఒట్టేసుకున్న మనిషి. ఆ మాస్టారు పై శనివారం ఒక ట్రే పట్టుకుని గేటు తోసుకుని వచ్చారు. అందులో బెత్తెడు కూడా లేని టమాటా నారు, ఇరవైకి పైగా ఉంది.

"అయ్యో మాస్టారూ, ఇవి మీరు వేసుకునేవి కదా!"

"నావెలా అవుతాయమ్మా? ఏటా కవర్లో గింజలిచ్చేది నువ్వే కదా. ఇచ్చిన మూడు వారాలకి కవరు విప్పాను. నా బద్ధకానికి ఈ జన్మలో ఇంతవరకూ ఎవరూ దండం పెట్టలేదు. నువ్వు పెట్టేలా ఉన్నావు."

ఆమె నిజంగానే రెండు చేతులూ జోడించింది. కుడి చెయ్యి ఇంకా పూర్తిగా వంగదు. వంగినంతే జోడించింది.

"నాకు రెండు మొక్కలు చాలు. మిగతావి నీవి," అని మాస్టారు మెట్టు మీద చతికిలబడి టీ అడిగారు.

ఈసారి ఆమె ఏదీ తొందరపెట్టనివ్వలేదు. ట్రేని రోజూ కాసేపు బయట పెట్టడం, మబ్బు పడితే లోపలికి తేవడం. పొద్దున ఆమె, మధ్యాహ్నం మాస్టారు, సాయంత్రం డ్యూటీ దిగొచ్చిన ఆయన. ఒకరోజైతే గంటలో మూడుసార్లు లోపలికీ బయటికీ తిప్పారు. ఆయన విసుక్కోకుండా, "నా బస్సుకి కూడా ఇన్ని ట్రిప్పుల్లేవు," అన్నాడు.

రెండు వారాలకి డాక్టరమ్మ చెయ్యి నొక్కి చూసి తలూపింది. ఆ ఆదివారమే నాటారు. ఆయన గుంటలు తీస్తే ఆమె ఒక్కో మొక్కనీ కుడిచేత్తో దించి, చుట్టూ మట్టి అదిమింది. మణికట్టు కలుక్కుమంది. అయినా తడిమట్టి పిడికిట్లో ఇమిడింది, వేళ్లు ముడుచుకున్నాయి. అంతకుముందు ఆ చేతికి అది ఎంత భాగ్యమో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుని కాసేపు కళ్లు తుడుచుకుంది. ఆయన చూసి కూడా చూడనట్టు చెంబుతో నీళ్లు పోశాడు.

అన్నీ బతకలేదు. మూడు పాతవాటితో కలిపి పందొమ్మిది నిలిచాయి. ఎండలు ముదిరేసరికి ప్రెస్సులో ప్రతి బల్ల మీదా, డిపోలో, మాస్టారి కిటికీలో ఆ పెరటి టమాటాలే. అప్పటికి ఆమె మళ్లీ పుస్తకాలు కుడుతోంది.

ఒక సాయంత్రం ఇద్దరూ కాయలు కోస్తుండగా ఆమె అంది, "ఏవండీ, వచ్చే ఏడు కూడా మీరే తవ్వాలి."

"అదేంటి? చెయ్యి బాగైపోయిందిగా."

"బాగైంది. అయినా మీరే తవ్వాలి."

ఆయన ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. "సరే అయితే," అని, ఒంగి బుట్ట అందుకున్నాడు.