ఐదో దెబ్బకి చేతులు మారే పాట

మా పక్కింటి అత్త పోయింది. బర్మామైన్స్‌లో మా తెలుగువాళ్ళ సందుకి ఆ కబురు హిందీలోనే వచ్చింది. పొద్దున్నే ఆమె కొడుకు మా గుమ్మంలో నిలబడి "మా నహీ రహీ" అన్నాడు, అమ్మ ఇక లేదని. అంతే. కామెర్లు. పది రోజులు కూడా మంచం మీద లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళతో కలిసి రేజా పనికి వెళ్ళేది. కట్టుబడి జరిగేచోట ఇటుకా ఇసుకా మోసే పని. అక్షరం ముక్క రాదు. నాకు ఛందస్సు నేర్పింది ఆమే. పాఠకులు నవ్వితే నవ్వనీండి, ఇది నిజం.

సైక్లోస్టైల్ కరపత్రాలు నాలుగు చదివి, ఛందస్సు దొరలు వేసిన సంకెల అని నమ్మినవాణ్ణి నేను. ఎవరైనా కాదంటే కొట్లాటే.

ఆదిత్యపూర్‌లో అప్పట్లో ఒక షెడ్డు లేస్తోంది. నేనూ వెళ్ళాను. లారీ దగ్గర్నుంచి గోడదాకా ఆడవాళ్ళు వరసగా నిలబడి ఇటుకలు అందించుకుంటున్నారు. అత్త పాట ఎత్తుకుంది:

అందుకో నాయమ్మ అందుకోవే
ముందుకే సెయ్ సాచి అందుకోవే

నాకు ఒళ్ళు మండింది. "ఇది బానిస పాటత్తా! మీ కోసం నేను రాశాను, ఇది పాడండి" అని కాగితం తీసి అరిచాను: "శ్రామికవర్గ చైతన్యమా, మేలుకో!" నా మీద అభిమానంతో వాళ్ళు అందుకున్నారు. రెండో ఇటుకకే వరస చెదిరింది. ఒకామె వదిలేసింది, అత్త చెయ్యి ఇంకా రాలేదు. ఇటుక అత్త పాదం మీద పడింది. బొటనవేలి గోరు నల్లబడిపోయింది.

తప్పయిందని నేను అనలేదు. "మీకు చైతన్యం లేదు" అన్నాను! అత్త కాలు పట్టుకునే నవ్వింది.

"సైతన్యం ఉన్నాదిరా అల్లుడా. అది ఎప్పుడు వత్తాదో తెలవక సెయ్యి సాపలేదు."

ఆ ఆదివారం కుంటుకుంటూ వచ్చి మా గడప మీద కూర్చుంది. నా ముంజేతి మీద వేళ్ళతో కొడుతూ చెప్పింది. "సాగినా బరువే, ఒత్తు కాడ ఆగినా బరువే. మిగిలింది తేలిక. రెండు తేలికలు ఒక బరువు. 'అందుకో' అను. ఐదు దెబ్బలు. ఐదో దెబ్బకి ఇటుక సేతులు మారాల."

నేను రాసిన పాట పాదాన్ని నేనే అలా కొట్టి చూసుకున్నాను. ఐదో దెబ్బ 'వర్గ'లో మొదటి అక్షరం నడిమధ్య పడి దాన్ని చీల్చింది.

తర్వాత ఒక చిన్న పుస్తకం కొన్నాను. ఆమె బరువుని అందులో గురువు అన్నారు, తేలికని లఘువు అన్నారు. చెబితే, "పేరెట్టేరా? మంచిదే. మరి దాంతో పనేటి సేత్తారంట?" అంది. పాదానికీ పాదానికీ రెండో అక్షరం ఎందుకు కలవాలత్తా, ప్రాస ఎవరికి కావాలి అని వాదించాను.

"అందుకో, ముందుకే. ఒకటి మరిసిపోతే రెండోది దాన్ని లాక్కొత్తాది. సదువు లేనోళ్ళం, మాకు కాగితం అదేరా."



ఏడాదిపాటు రాసి తెచ్చి వినిపించాను. ఆమె వేళ్ళు కదిలేవి, ఎక్కడో ఆగేవి. "ముక్క మంచిదే. సేతికి రాలేదు." క్షమించమని నోటితో ఏనాడూ అడగలేదు. వాళ్ళు పాడుకునే పాట ఒక్కటి రాస్తే అదే నా క్షమాపణ అనుకున్నాను. ఆమె ఉండగా రాయలేకపోయాను.

ఆమె పోయిన పదో రోజున ఖర్కాయి నది ఒడ్డుకి వెళ్ళాం. స్నానాలయ్యాక ఎవరూ కదల్లేదు. ఆమెతో పనిచేసిన ముసలామె నా వైపు తిరిగి, "ఏటి బాబూ, అన్నిటికీ అరుత్తావు. ఇవాళ నోరు పడిపోయిందా?" అంది. జేబులో పెద్ద ఉపన్యాసమే ఉంది. తియ్యలేదు. రాత్రంతా ముంజేయి కొట్టుకుంటూ కట్టుకున్నవి రెండు పాదాలు, అవే చెప్పాను:

మొత్తమా బరువెంత ఎవరికెరుకే
అత్త, నువ్ మోసింది మాకు తెలుసే

ముసలామె పెదవులు కదిలాయి. ఇంకోసారి చెప్పమంది. మూడోసారికి నేను చెప్పక్కర్లేకపోయింది. అత్తని వదినా అని పిలిచేవాళ్ళు కూడా అత్త అనే పాడారు. పాడుకుంటూనే ఒకరి వెనక ఒకరు గట్టెక్కారు. రాతి మీద తడి అడుగులు ఎండకి ఆరిపోతున్నాయి. పూర్తిగా ఆరేలోపు వెనకామె సరిగ్గా అక్కడే మళ్ళీ అడుగేస్తోంది.