కొడవలికి అంటిన రాగి

మొన్న పొద్దున కూరగాయలకని కిందికి దిగితే, మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఇద్దరు మనుషులు చెట్ల మొదళ్లకు పూయడానికి బకెట్లో సున్నపు రాళ్లు వేసి నీళ్లు పోస్తున్నారు. బుసబుసమని పొంగుతున్న ఆ తెల్లటి ముద్దలోంచి వేడి ఆవిరితో పాటు ఘాటు వాసన లేచి ముక్కుకు తగలగానే మబ్బేమైనా లేస్తోందా అని తలెత్తి పడమటికి చూశాను. కూరగాయల సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. బళ్లో పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మనిషిని, సున్నం వాసనకు ఇంత కంగారు పడతానంటే ఎవరైనా నవ్వుతారు.

మా ఊరు మొయినాబాద్ దాటాక, చేవెళ్ల రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది. నా చిన్నతనంలో ఆ పక్కంతా ద్రాక్ష తోటలే. వరసగా పాతిన రాతి కడీలు, వాటి మీద తీగలు కట్టిన పందిళ్లు, ఎండాకాలం మొదట్లో ఆ పందిళ్ల కింద చల్లటి పచ్చటి వెలుతురు, నెత్తికి తగిలేంత కిందికి వేలాడే గుత్తులు, కచ్చకాయలు ఆడుతూనే నోరు పైకెత్తి పండు తెంపుకొనే మేము. ఇదంతా తలుచుకోవడానికి తియ్యగానే ఉంటుంది గానీ, తోట ఉన్న ఇంట్లో పిల్లలకు భయం ఉగ్గుపాలతోనే పోస్తారు. దసరా పోయాక కొమ్మలు కత్తిరిస్తే లేత చిగుళ్లు వస్తాయి, సరిగ్గా అప్పుడే వాన పడిందా, ఆకుల మీద నూనె మరకలు లేచి, అడుగున తెల్లటి బూజు పట్టి, పూతకు పూతే రాలిపోతుంది. బతుకమ్మ పండుగ సత్తుపిండి ఇంకా డబ్బాలో ఉండగానే మా ఇంట్లో అందరి మాటలూ తగ్గిపోయేవి. బాపు అన్నం తింటూ కూడా వాకిట్లోకి చూసేవాడు.

బూజుకు మందు ఇంట్లోనే కలిపేవాళ్లం. ఒక డ్రమ్ములో మైలుతుత్తం, అంటే రాగి ఉప్పు, కలిపిన నీళ్లు, నెమలి మెడ రంగులో. ఇంకో డ్రమ్ములో సున్నపు నీళ్లు. రెండూ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోస్తే లేత నీలం మందు తయారవుతుంది. సున్నం తక్కువైతే ఆ మందే చిగుళ్లను మాడ్చేస్తుంది. అందుకని బాపు ప్రతిసారీ తోమిన కొడవలిని అందులో ముంచి కాసేపు ఉంచేవాడు. తెల్లగా బయటికొస్తే మంచిది, ఎర్రగా వస్తే ఇంకా సున్నం కావాలి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడు మా సైన్సు సారు చెప్పారు: ఇనుములోని పరమాణువులు నీళ్లలోకి దిగిపోతాయి, నీళ్లలో ఉన్న రాగి వచ్చి వాటి చోట కూర్చుంటుంది, ఆ ఎరుపు అదేనని. పరమాణువు లోపల దాదాపు అంతా ఖాళీయే, నడుమ చిన్న కేంద్రకం, దూరంగా ఎలక్ట్రాన్లు అని కూడా ఆయనే చెప్పారు. ఆ రోజు ఇంటికి వస్తూ నేల మీద గట్టిగా అడుగు వేయడానికి జంకాను. నా భయాలు అట్లా ఉండేవి.

అప్పటికే నగరంలో కంప్యూటర్ ఆఫీసులు లేచి, వాటి డబ్బు మా రోడ్డు దాకా వచ్చింది. సెల్‌ఫోన్లు చెవికి ఆనించుకున్న మనుషులు కార్లు దిగి గట్ల మీద నిలబడి చేతులు చాపి ఏవో చూపించుకునేవాళ్లు. వాళ్లు మా ఇంటి ముందు నుంచే పోతారని, సున్నం కొట్టిన గోడలు చూసి మనల్ని తక్కువ చేస్తారని, బాపు తల్లి, మా అవ్వ, ఆ దసరాకు పంతం పట్టి గోడలకు డబ్బా రంగు వేయించింది. ఏటా దసరాకు తాజా సున్నం తెచ్చి, గోడలకు పోగా మిగిలింది తోటకు వాడటం మా ఇంటి అలవాటు. ఈసారి తెచ్చిన సున్నమే లేదు. కొట్టంలో పోయినేటి సంచి ఉందిలెమ్మని అందరం ధీమాగా ఉన్నాం.

రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చిన మధ్యాహ్నం బాపు తోటలోంచి ఒక ఆకు తెచ్చి అమ్మకు చూపించాడు. నూనె మరక. పడమటి నుంచి మళ్లీ మబ్బు లేస్తోంది. అది వచ్చేలోపు మందు కొట్టి, ఆకుల మీద ఆరనివ్వాలి, లేకపోతే ఆ ఏటికి పంట లేనట్టే. మైలుతుత్తం ముందురోజే నానబెట్టి ఉంది. సంచిలో సున్నం డ్రమ్ములో పోసి నీళ్లు పోశాడు. పొంగలేదు, ఆవిరి రాలేదు. పిండిలా అడుక్కు దిగిపోయింది.

"ఉడుకుతలేదేంది?" అన్నది అమ్మ.

"గాలి తగిలి సచ్చిపోయింది. ఏడాది సంది సంచి మూతి ఇప్పే ఉన్నది గద."

అయినా ఆశ చావక కలిపి చూశాడు. కొడవలి ఎర్రగా వచ్చింది. సంచిలో మిగిలిందంతా దులిపి మళ్లీ ముంచాడు. మళ్లీ ఎరుపే. అవ్వ కొంగు ముడి విప్పి, తమలపాకులకని దాచుకున్న బొటనవేలంత సున్నపు డబ్బా బాపు చేతిలో పెట్టింది.

"గిది గూడ ఏస్కో బిడ్డా."

ఎవరూ నవ్వలేదు. బాపు అది అవ్వకే తిరిగి ఇచ్చి స్కూటర్ తీశాడు.

ఆ సాయంత్రం నేను తోట గట్టు మీదే కూర్చున్నాను. ఆవిరిలో కణాలు దూరం దూరంగా తిరుగుతుంటాయి, చల్లబడి దగ్గరైతే నీళ్లవుతాయి అని చదువుకున్నాను కదా, దేవుళ్లను వదిలేసి ఆ మబ్బులో కణాలకే మొక్కుకున్నాను, దగ్గరికి రాకండని. గాలి చల్లగా తగిలినప్పుడల్లా మబ్బు ఎంత దగ్గరికొచ్చిందో లేచి చూశాను. అమ్మ మాటిమాటికీ రోడ్డు మీదికి పోయి చూసి వచ్చేది.

బాపు ఆలస్యంగా వచ్చాడు. మొయినాబాద్‌లో ఎప్పుడూ సున్నం ఇచ్చే సేటు దుకాణం ముందు ప్లాట్ల బోర్డు ఉందట. "ఇప్పుడు సున్నం ఎవలు కొంటున్రు అన్నా? నీ తోట రోడ్డుకెంత దూరం ఉన్నదో చెప్పు" అన్నాడట. చేవెళ్లలోనూ దొరక్క, చివరికి ముడిమ్యాలలో పెళ్లి కోసం గోడలకు సున్నం కొడుతున్న ఇంటి ముందు ఆగి అడిగితే, ఆ పెళ్లికూతురి తండ్రి తట్టెడు రాళ్లు పోసి పంపాడు. నీళ్లు పోయగానే బుస్సున పొంగింది. కొడవలి తెల్లగా వచ్చింది. అమ్మ, బాపు చెరో పంపు భుజాలకు తగిలించుకుని వరసల్లోకి పరిగెత్తారు. నేను బిందెలతో మందు మోశాను. కింది వైపు వరసలు మిగిలి ఉండగానే మొదటి చినుకు నా చెయ్యి మీద పడింది.

పై సగం దక్కింది. కింది సగం వారం తిరక్కుండా తెల్లబడి రాలిపోయింది. మరుసటి ఏడు బాపు ఆ ఎండిన తీగలు పీకేశాడు, బోడిగా ఉన్న ఆ జాగాను చూసే కార్లవాళ్లు మొదటిసారి మా వాకిట్లోకి వచ్చారు. ముందు ఆ సగం అమ్ముడుపోయింది, తర్వాత మిగతా సగం. బాపును ఎవరూ బలవంతం చేయలేదు. ఇంక ఇంత భయం నావల్ల గాదు అన్నాడు, అంతే.

అవ్వ పోయింది. అమ్మా బాపూ ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. రాతి కడీలను ఎవరో కంచెకు తీసుకుపోయారు, నోరు పైకెత్తి పండు తెంపుకోవడం నా పిల్లలకు చెప్పినా అర్థం కాదు. బడి కోసం నేను రోజూ పోయేది ఆ చేవెళ్ల రోడ్డు మీదే. ఆ దారిలో ఒక్క పందిరీ కనిపించదు. పోయిన దసరా వెళ్లాక ఒక సాయంత్రం మబ్బు పడితే, బాపు టీ చల్లారబెట్టుకుని బాల్కనీలో పడమటికి చూస్తూ నిలబడ్డాడు.

"తోట లేదు గద బాపూ, ఇంక దేనికి ఫికరు? లోపలికి రా," అన్నాను.

"మనది లేకుంటే ఏంది బిడ్డా. ఎవలదన్న ఉంటది గద."

"ఉంటది," అన్నాను. మబ్బు పోయేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.