మూత లేని గుల్లలు

బుచ్చిరెడ్డిపాలెం మీదుగా బస్సులో వెళ్తుంటే, ఊరు ఇంకా రాకముందే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన వస్తుంది. వెచ్చగా, కాస్త తియ్యగా, ఆకలి పుట్టించే వాసన. పక్క సీట్లో వాళ్ళు "అబ్బ, ఏం వాసన!" అని గుండెల నిండా పీలుస్తారు, మా మనవరాలైతే ముక్కు కిటికీ ఊచలకు ఆనించి కూర్చుంటుంది. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. "వాంతి వస్తోందా అమ్మమ్మా?" అని అది అడుగుతుంది. లేదంటాను. ఆ తియ్యని వాసన వెనకాలే ఇంకొకటి నాకు తగులుతుంది. వడ్లు ఉడికించిన ఆ నీళ్ళే నాలుగు రోజులు నిలవుంటే వచ్చే పులిసిన కంపు అది. డెబ్బై దాటినా దాన్ని నేను మర్చిపోలేకపోయాను.

మా పల్లె కోవూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉండేది. పెన్న నీళ్ళు కాలువల్లో పడి, ఎక్కడెక్కడి మడులనో తడిపి, సముద్రంలో కలిసే ముందు మా ఊరి పక్కన వంపు తిరిగి కాసేపు నిలబడేవి. ఆ వంపులో పడిన గుంటే గుల్లమడుగు. పై కాలువల్లో చచ్చిన నత్తల గుల్లలూ, ఆల్చిప్పలూ దొర్లుకుంటూ వచ్చి అక్కడే అడుగున చేరేవి కాబట్టి ఆ పేరు. ఆ గుల్లల మీదే మా ఇల్లు బతికేది. మా నాయన దేవదానం సున్నం కాల్చేవాడు, ఆయన తండ్రీ అదే పని చేశాడు. తాత పోయాక బట్టీ దగ్గర పెత్తనం మా అవ్వది, అంటే నాయన తల్లిది. అమ్మ నన్ను కన్న ఏడాదికే పోవడంతో ఇంట్లో ఉండేది మేము ముగ్గురమే.

యాభైల చివర నాకు ఆరేడేళ్ళుంటాయి. ఎండాకాలం పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, కాల్చిన ఎండుచేప కొరుక్కుంటూ తిని, గంపలు పట్టుకుని మడుగుకు పోయేవాళ్ళం. మోకాలి లోతు నీళ్ళలో నా కాలిగోళ్ళు నాకు కనిపించేవి. నీళ్ళ మీద పొడుగుకాళ్ళ పురుగులు పాదం తడవకుండా పరుగులు తీసేవి. ఆ వయ్యారం చూసి వాటికి మేము దొరసానులని పేరు పెట్టుకున్నాం. పక్కనే గోరంత నల్లపురుగులు గుంపుగా గిరగిరా తిరుగుతుంటే, ఏది ముందు అలిసిపోతుందోనని పిల్లలం పందేలు కాసేవాళ్ళం, ఒక్కటీ అలిసేది కాదు. కదలకుండా నిలబడితే గాజులాంటి రొయ్యపిల్లలు వచ్చి మడమలు గీకేవి. చక్కిలిగింతకు నేను కిలకిలా నవ్వితే, "కదలబాక మే, నీ మురికే వాటికి పండగ," అనేది అవ్వ. రాళ్ళ కింద ఎండ్రకాయలు, గడ్డి మొదళ్ళలో తూనీగలు కాబోయే బొద్దు పురుగులు, తుంగ కాడల మీద అవి విప్పేసి ఎగిరిపోయిన చొక్కాలు. జలగలూ ఉండేవి లెండి. వాటి మీద నాకు అప్పుడూ ప్రేమ లేదు, ఇప్పుడూ లేదు.

నత్త బతికున్నంత కాలం గుల్ల నోటికి గోధుమరంగు మూత ఒకటి బిగించుకుని ఉంటుంది. చచ్చాక ఆ మూత ఊడిపోతుంది. అందుకని గంపలో వేసేముందు ప్రతి గుల్లనూ బొటనవేలితో తడిమి చూడాలి. "మూత ఉండేది నీళ్ళది, మూత లేనిది మనది," అనేది అవ్వ. మా ఇంట్లో బైబిలు పది ఆజ్ఞలకు అది పదకొండోది. ఒకసారి ఇంటికొచ్చి గంప దించాక అడుగున ఒక బతికిన నత్త కనబడితే, ఆ ఒక్కదాని కోసం నన్ను మండుటెండలో మళ్ళీ మడుగుకు పంపింది. అరికాళ్ళు కాలుతుంటే అవ్వనూ నత్తనూ కలిపి తిట్టుకుంటూ పోయాను. ఊడిపోయిన మూతలను మాత్రం నాకిచ్చేసేది. బొమ్మలపెళ్ళిలో అవే మాకు విస్తరాకులు, ఎంతమంది చుట్టాలొచ్చినా తక్కువ పడేవి కావు.

కడిగి ఎండబెట్టిన గుల్లలను బొగ్గుతో కలిపి బట్టీలో పొరలుగా పేర్చి నాయన నిప్పు పెట్టేవాడు. నేను తిత్తి ఒత్తేదాన్ని. ఒత్తి ఒత్తి చేతులు పడిపోయినా, చివర్లో చూడబోయే తమాషా కోసం ఓర్చుకునేదాన్ని. చల్లారిన తెల్లటి గుల్లల మీద నాయన చెంబుతో నీళ్ళు చిలకరిస్తే అవి చిటపటమని, బుస్సుమని, ఆవిరి చిమ్ముతూ కళ్ళముందే విచ్చుకుని పిండైపోయేవి. ఆ పిండిని జల్లించి కుండల్లో నానేస్తే వెన్నలాంటి సున్నం వచ్చేది. నెల్లూరు తమలపాకుల అంగళ్ళకు దాన్ని బండి మీద తీసుకెళ్ళే ఖాదర్ మామ, రాతిసున్నమైతే నాలుక పొక్కుతుందని, దేవదానం సున్నమైతే పసిబిడ్డకు పెట్టొచ్చని బజారులో గొప్పలు చెప్పేవాడట. డిసెంబరు వచ్చి వానలు తెరిపిచ్చాయంటే క్రిస్మస్‌కు మా చర్చికి వెల్ల వేసేదీ ఆ సున్నంతోనే. తడి గోడల వాసనా, అరిసెల పాకం వాసనా, అవ్వ కొంగులోని తమలపాకుల వాసనా కలిసి నా ముక్కులో ఒకే వాసనగా ఉండిపోయాయి.

అరవైల మొదట్లో, మా ఊరికి కాస్త పైన కాలువ గట్టు మీద ఉప్పుడు బియ్యం మిల్లు ఒకటి వచ్చింది. మేమంతా సంబరపడ్డాం, అబద్ధం ఎందుకు! ఆ పొగగొట్టాన్ని చూడ్డానికి ఊరంతా తిరనాళ్ళకు పోయినట్టు పోయింది. కోతలయ్యాక వడ్లు నానబెట్టడం, ఉడికించడం మొదలుపెట్టారు. ఆ పచ్చటి వేడి నీళ్ళను తూములోంచి కాలువలోకి వదిలేవారు. కాలువలో నీళ్ళు తగ్గే కాలం కూడా అదే కాబట్టి, ఆ నీళ్ళన్నీ నెమ్మదిగా వచ్చి మా మడుగులో కూర్చున్నాయి.

ఆ ఎండాకాలం మొదటిరోజు గంపలతో వెళ్ళి గట్టు మీదే నిలబడిపోయాం. ఒడ్డు పొడవునా గుల్లలు. ఏటా నడుం వంచి ఏరుకోవాల్సినవి, పారతో ఎత్తుకునేటట్టు మేట వేసి ఉన్నాయి. ఒక్కదానికీ మూత లేదు. నాయన నెత్తిన చెయ్యి పెట్టుకుని పెద్దగా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ముక్కులు పగిలే కంపు కొడుతున్నా, ఎండకు చేపలూ గుల్లలూ కుళ్ళడం మామూలే అనుకున్నాం. అవ్వ మాత్రం గుప్పెడు గుల్లలు అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. కందిగింజంత పిల్లగుల్లలు, నిన్నగాక మొన్న పుట్టినవి.

"ఇంత పసివి ఎందుకు చచ్చినాయిరా దేవదానం?" అంది.

"కాలిస్తే అన్నీ సున్నమే కదమ్మా. దేవుడు ఇస్తుండాడు, తీసుకో," అన్నాడు నాయన.

అవ్వ బొటనవేలితో మళ్ళీ తడిమింది. మూత లేదు. మూత లేనిది మాది. గంపలో వేసింది.

ఆ యేడు వరసగా రెండు నెలలు బట్టీ చల్లారలేదు. ఖాదర్ మామ బండి రోజు విడిచి రోజు మా వాకిట్లో ఉండేది. ఆదివారం చర్చిలో నాయన లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. పదిమందిలో నోరు విప్పని మనిషి, "ప్రభువు మా గంపలు నింపినాడు, నా తండ్రి కూడా ఇంత చూళ్ళేదు," అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనే అందరికంటే గట్టిగా అన్నాను. ఊళ్ళో ఇంటికో శవం కాటికొస్తే, కాటికాపరి కాలం కలిసొచ్చిందని మొక్కుకున్నట్టుంది మా పని. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

మరుసటి ఎండాకాలం మడుగులో గుల్ల లేదు. నీళ్ళు కల్లు కుండ కడిగినట్టు తెల్లగా, మీద బూజు. అవ్వ దిగి అడుగున చెయ్యి పెట్టి తీస్తే నల్లటి బురద వచ్చింది, అందులో దారప్పోగుల్లాంటి సన్నటి ఎర్రపురుగులు కుప్పలుగా మెలికలు తిరుగుతున్నాయి. అవి తప్ప ఇంకేమీ లేవు. దొరసానులు లేరు. నేను కాళ్ళు పెట్టి ఎంతసేపు నిలబడ్డా మడమ గీకే రొయ్యపిల్ల రాలేదు. ఆఖరికి జలగలు కూడా లేవు. అవ్వ బురద చేతిని కడుక్కుందామని చూసి, ఆ నీళ్ళలో కడుక్కోలేక, చీరకే తుడుచుకుంది.

"పోయినేడే తెలిసింది నాకు. తెలిసి కూడా ఏరినాను," అంది.

నాయన మిల్లుకు పోయి అడిగాడు. వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టి టీ ఇచ్చి, నీళ్ళు పల్లానికి పారకపోతే ఎక్కడికి పారతాయన్నారట. రెండేళ్ళు దూరపు కాలువలన్నీ తిరిగి, సంచెడు దొరికితే సంచెడు తెచ్చి కాల్చాడు. సగం నిండిన బట్టీకి నిప్పు నిలవదు. ఒకరోజు ఖాదర్ మామ బండి దిగకుండానే, తల వంచుకుని చెప్పాడు: "దేవదానం అన్నా, మిల్లులో మనిషి కావాలంట. నీ పేరు చెప్పినా. తప్పయితే తిట్టు." నాయన తిట్టలేదు. మర్నాడు పనికి పోయాడు.

ఆ వారంలోనే అవ్వ నా చేతికి అన్నం క్యారేజీ ఇచ్చి మిల్లుకు పంపింది. నాయన ఎక్కడని అడిగితే వెనక్కి పొమ్మన్నారు. వెనక, వడ్లు నానబెట్టే తొట్ల పక్కన, మొలకు తువ్వాలు చుట్టుకుని ఆయన తూము చెక్క పైకి లాగుతున్నాడు. చెక్క లేవగానే పొగలు కక్కుతూ పచ్చటి నీళ్ళు కాలువలోకి దూకాయి. అదే ఆయనకిచ్చిన పని. నేను గట్టు మీద కాలువ అంచున నిలబడి ఉన్నాను. నాయన నన్ను చూశాడు.  చెక్క వదలకుండానే అరిచాడు.

"పాపా, ఆ నీళ్ళల్లో కాలు పెట్టబాక!"

ఆ మాటలో కోపం లేదు. ఏడుపు ఉంది. నేను క్యారేజీ అక్కడే పెట్టేసి ఇంటికి పరుగెత్తాను. చూసింది అవ్వకు చెప్పలేదు, ఆమె అడగలేదు. సాయంత్రం మిల్లు బియ్యంతో వండిన అన్నం ముగ్గురం తిన్నాం. అన్నం బాగానే ఉంది. అదీ నా బాధ. పద్దెనిమిదేళ్ళు ఆయన ఆ తూము దగ్గరే పనిచేశాడు. ఆ జీతంతోనే నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. అవ్వ పోయేదాకా బట్టీని పేడతో అలుకుతూనే ఉంది. ఆ తర్వాత రెండు వానలకు అది కూలిపోయింది.

మొన్న వేసవిలో పని మీద ఊరికి వెళ్ళి, సాయంత్రం మడుగు వైపు నడిచాను. మిల్లు ఎప్పుడో మూతబడింది. ఇప్పుడు రొయ్యల చెరువుల నీళ్ళు, ఊళ్ళ మురుగు, పొలాల మందులు అన్నీ ఆ కాలువకే వస్తున్నాయి. జీన్స్ మడుచుకుని ఒక అమ్మాయి వలగుడ్డతో అడుగు బురద తోడి, తెల్లటి పళ్ళెంలో పోసి ఏదో లెక్కపెడుతోంది. నెల్లూరు కాలేజీ పిల్లనంది. నీళ్ళలో ఏ పురుగులున్నాయో చూస్తే నీళ్ళ ఆరోగ్యం తెలుస్తుందని ఎంతో ఓపిగ్గా నాకు పాఠం చెప్పింది. పళ్ళెంలోకి వంగి చూశాను. ఎర్రపురుగులు.

"మునుపు ఇక్కడ ఏముండేవో మీకేమైనా గుర్తుందా పెద్దమ్మా?"

చెప్పాను. నత్తలు, ఆల్చిప్పలు, గాజు రొయ్యలు, ఎండ్రకాయలు, దొరసానులు. ఆ పిల్ల గబగబా రాసుకుంటూ, దొరసానులంటే ఏమిటని అడిగింది. చూపించడానికి చుట్టూ ఒక్కటీ లేదు. గాలిలో వేళ్ళు ఆడించి చూపించాను. అవి ఎప్పుడు పోయాయని అడిగితే, మిల్లు నీళ్ళు వదిలిన మొదటి ఎండాకాలమే అన్నాను.

"అంత కంపు నీళ్ళు ఎవరు వదిలేవాళ్ళండీ? అడిగేవాళ్ళే లేరా?" అంది కోపంగా. ఆ కోపం చూస్తే ముచ్చటేసింది.

మిల్లువాళ్ళు అనేసి ఊరుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"మా నాయన," అన్నాను.

పెన్ను ఆగింది. 

"రాసుకోమ్మా, ఫర్వాలేదు. పేరు దేవదానం. పని మాత్రం సున్నం కాల్చడం అని రాయి."