పన్నెండుంపావుకీ పన్నెండున్నరకీ మధ్య

కెంటకీ తూర్పు కొండల్లోని ఆ చిన్న ఆసుపత్రిలో ఎవరి కడుపు కోయాలన్నా ముందు డెల్మర్ కోంబ్స్ రావాలి. మత్తు ఇచ్చే నర్సు ఆయనొక్కడే. విరిగిన తుంట్లకీ, అడ్డం తిరిగిన కాన్పులకీ ముప్ఫై నాలుగేళ్లుగా ఆయన చెయ్యే దిక్కు. ఇప్పుడాయనకి డెబ్భై ఒకటి, మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి. ఆయన మానేస్తే ఆపరేషన్ గదికి తాళమే. నొప్పులొచ్చిన ఆడవాళ్లు గంటన్నర కొండదారిన అంబులెన్సులో పడి పోవలసిందే. బయటినుంచి ఎవరినో తెస్తామని యాజమాన్యం అంటూనే ఉంటుంది. వచ్చినవాళ్లు ఒక్క చలికాలం చూసి మూటాముల్లే సర్దుకుంటారు.

అందుకే ఆయన కన్ను ట్రెస్సా మీద పడింది. ఆ లోయలోనే పుట్టి, ఆ ఆసుపత్రి వార్డులోనే నర్సుగా చేస్తున్న పిల్ల.

"మత్తు చదువు చదవవే పిల్లా. మూడేళ్లు. అంతదాకా ఎలాగోలా నిలబడతాను."

"ముందు ఐసీయూలో చేసుండాలట కదండీ. మనకీ ఉందిగా, నాలుగు మంచాలది."

"అందులో పేకాడుకోవచ్చు," అన్నాడు డెల్మర్. "నగరానికి పో. గుండె కోసినవాళ్లని పెట్టే ఐసీయూలో చేరు. ఒక్క మనిషికి ఆరు మందులు ఎక్కుతుంటే దేన్ని ఎంత తిప్పితే ఏమవుతుందో చేతికి తెలియాలి. త్వరగా కానీ. నా మోకాలు కోయించుకోవాలంటే నాకెవరిస్తారు మత్తు? నువ్వే ఇవ్వాలి."

ఆమె వెళ్లింది. మొదటి ఆరు నెలలూ ఏడుపొక్కటే తక్కువ. రెండో ఏడు వచ్చేసరికి తలుపు తీస్తూనే గదిలో మనిషి ఎలా ఉన్నాడో చెప్పగలిగేది.

చేయి తిరిగాకే చేయి జారింది. ఆ మధ్యాహ్నం ఆమె చూస్తున్న మనిషి హెన్స్లీ, ఒకప్పుడు స్కూలు బస్సు నడిపినవాడు. రక్తపోటు పడిపోకుండా ఆయనకి ఒక మందు చుక్కచుక్కగా ఎక్కుతోంది. ట్రెస్సా తొందరలో అదే గొట్టంలోకి సిరంజితో ఉప్పునీళ్లు తోసింది. గొట్టంలో నిలిచి ఉన్న మందంతా ఒక్కసారిగా ఆయన ఒంట్లోకి పోయింది. రక్తపోటు రెండు వందల ముప్ఫైకి లేచింది. నిన్నగాక మొన్న కుట్లు వేసిన గుండె అది. ఆమె మందు ఆపింది, గంట మోగుతున్న యంత్రం నోరు నొక్కింది, ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. నాలుగు నిమిషాల్లో అంకె దిగింది. హెన్స్లీ కళ్లు విప్పి, "వర్షమొస్తోందా?" అని అడిగి మళ్లీ పడుకున్నాడు.

ఆ ఐసీయూలో యంత్రం పావుగంటకోసారి అంకెలు రికార్డులోకి తెచ్చిపెడుతుంది, నర్సు సరేనని మీట నొక్కుతుంది. పన్నెండుంపావుకి అంతా సవ్యం, పన్నెండున్నరకీ సవ్యమే. జరిగిందంతా ఆ రెంటి మధ్యా జరిగింది. ఆమె మీట నొక్కింది. ఎవరికీ చెప్పలేదు.

ఎనిమిది నెలల తర్వాత మత్తు చదువు చెప్పే కాలేజీవాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. తోటి నర్సు కొరీన్ టీ గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పింది. "నువ్వు చేసిన తప్పొకటి చెప్పమంటారే. ముద్దుగా ఉండే తప్పు చూసి పెట్టుకో. మాత్ర ఆలస్యంగా ఇచ్చా, వెంటనే పై వాళ్లకి చెప్పా... అలాంటిది. అందరం అదే చేస్తాం."

ట్రెస్సా మాత్ర కథ కంఠతా పట్టింది.

బల్లకి అటువైపు ముగ్గురు. మందుల మీద అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పింది. ఆఖరున నెరిసిన జుట్టావిడ అడిగింది, "మీరు చేసిన తప్పొకటి చెప్పండి."

మాత్ర కథ నాలిక చివరిదాకా వచ్చింది. కానీ కళ్లముందు డెల్మర్ ఆపరేషన్ గది మెదిలింది. అక్కడ పడుకున్నవాడికి మాట ఉండదు, కోసేవాడికి తల ఎత్తే తీరిక ఉండదు. తలాపున కూర్చున్న ఒక్కరు ఏం చేశారో ఆ ఒక్కరికే తెలుస్తుంది. ఆమెకి భయం వేసింది, సీటు పోతుందని కాదు, వస్తుందేమోనని. హెన్స్లీ సంగతి మొత్తం చెప్పేసింది.

"అప్పుడు ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదండీ. ఇప్పుడే, మీకే."

సీటు రాలేదు. ఆవిడే ఫోన్ చేసింది. "ఆ రోజే చెప్పి ఉంటే ఇవాళ మిమ్మల్ని వదులుకునేవాళ్లం కాదమ్మా. చెయ్యాల్సింది చేసి, వచ్చే ఏడాది రండి."

ట్రెస్సా మర్నాడే పై అధికారికి కాగితం రాసిచ్చింది. హెన్స్లీ ఇంటికి వెళ్లి ఆయనకీ చెప్పింది. ఆయన భార్య తలుపు దాకా కూడా సాగనంపలేదు. అన్నిటికంటే కష్టమైనది మిగిలే ఉంది. కొండదారి పట్టి డెల్మర్ దగ్గరికి వచ్చింది.

ఆయన అంతా విని మోకాలు రుద్దుకున్నాడు.

"చెయ్యి ఎవరికైనా జారుతుంది," అన్నాడు. "నోరు మూసుకున్నావే, అసలు తప్పు అది. నీమీద చచ్చేంత కోపంగా ఉంది నాకు."

"ఉండాలండీ," అంది ట్రెస్సా, తల దించుకుని.

"రేపు ఏడింటికి రా. పిత్తాశయం ఆపరేషన్ ఒకటుంది. పక్కన నిలబడు."

అక్కడ రక్తపోటు రాసేది ఇంకా కాగితం మీదే, అయిదు నిమిషాలకో గీత. తొమ్మిదీ అయిదుకి రాసి డెల్మర్ కలం పక్కన పెట్టాడు. రెండు నిమిషాలకి రక్తపోటు జారింది. ఆయన మందిచ్చాడు, నిమిషంలో సర్దుకుంది. సర్జను తల కూడా ఎత్తలేదు. డెల్మర్ కలం ఆమె చేతిలో పెట్టాడు.

"రాయి."

"గీత ఇంకా రాలేదు కదండీ."

"రెండు గీతల మధ్యే రాయి."

ఆమె రాసింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని అది చదివాడు, కింద తన సంతకం పెట్టాడు.

"నా మోకాలిని ఇంకో ఏడాది ఆగమంటాలే," అన్నాడు. "మత్తు మాత్రం నువ్వే ఇవ్వాలి."