పగిడయ్య చేదు చూసిన పైసలు

చండ్రుగొండ దాటి, తారు రోడ్డు వదిలి, వాగు దిగి ఎక్కితే వచ్చే కోయగూడెంలో పగిడయ్యను అడగకుండా ఏ పనీ మొదలు కాదు. అడగకుండా మొదలుపెట్టిన పనులు ఏ గతి పట్టాయో తెలుసుకోవాలంటే ఆయన పక్కన కాసేపు కూర్చుంటే చాలు. గూడేనికి చేతిపంపు వచ్చిందంటే, అప్పట్లో ఆయన కొత్తగూడెం ఆఫీసు మెట్ల మీద కూర్చుని లేవనన్నందుకే వచ్చింది. బడికి పంతులు రాని రోజున ఆయన వాగు దాటి వెళ్లి, పంతులు ఇంటి ముందు ఏమీ అనకుండా నిలబడేవాడు. పంతులు చెప్పులు వేసుకునేదాకా కదిలేవాడు కాదు. చదివింది ఐదో తరగతే. అయినా ఇరవయ్యో ఎక్కం నిద్రలో లేపి అడిగినా తడుముకోడు.

ఇన్ని చేసినవాడికి వీటన్నిటినీ మించిన గొప్ప ఇంకొకటి ఉంది. అది గడ్డ.

గింజలు తగ్గిన నెలల్లో ఆ గూడెం అడవి గడ్డలు తవ్వుకుంటుంది. అందులో కొన్ని చేదువి. వాటిని చెక్కు తీసి, పలచగా తరిగి, బుట్టలో వేసి పారే వాగునీళ్లలో నానబెడతారు. చేదంతా నీళ్లలో పోయాకే ఉడికిస్తారు. సరిగా నానకపోతే తిన్నవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఉడికిన గడ్డలో మొదటి ముక్క గూడెం పెద్ద తింటాడు. ఒక పూట గడిచాక ఆయన "చేదు లేదు" అంటేనే పిల్లలకు పెడతారు. బతుకు చూసినవాడు ముందు, చూడాల్సినవాళ్లు తర్వాత. పగిడయ్య పెద్దరికం తీసుకున్నాక గడ్డ తిని మంచాన పడినవాళ్లు ఆ గూడెంలో లేరు. ఈ మాట ఆయన కొత్తవాళ్లకు చెబుతాడు, పాతవాళ్లకు కూడా చెబుతాడు.

అలాంటి గూడేనికి ఈ చలికాలం డబ్బు వచ్చింది.

మధిర వైపు అమ్మాయి నాగలత, ఏదో సంస్థలో పనిచేస్తుందట, స్కూటీ వాగు అవతల పెట్టి, చెప్పులు చేత పట్టుకుని నీళ్లలో నడిచి వచ్చింది. ప్రతి ఇంటి ఆడమనిషి ఖాతాలో రెండేళ్లపాటు నెలనెలా కొంత డబ్బు పడుతుందని చెప్పింది. గూడెమంతా పగిడయ్య ముఖం వైపు చూసింది.

"ఎందుకిస్తున్నరు?" అన్నాడాయన.

"మీ అవసరాలకే తాతగారూ. దేనికైనా వాడుకోవచ్చు."

"ఎప్పుడు కట్టాలె?"

"కట్టక్కర్లేదండీ. ఇది అప్పు కాదు."

"మీటింగులకు రావాలె, అవునా?"

"రానక్కర్లేదు."

"ఓటు?"

నాగలత నవ్వింది. "మాకు ఓట్లతో పని లేదండీ."

"మరి మా భూమితోటి పనున్నదా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "భూమి సంగతి మాకేం తెలీదు తాతగారూ."

ఆ తెలీదన్న మాటే పగిడయ్యకు ముల్లులా గుచ్చుకుంది. భూమి సంగతి తెలియకుండా ఆ అడవిలోకి వచ్చినవాణ్ని ఆయన ఇంతవరకూ చూడలేదు. ఆయన తండ్రి కాలంలో కింది మైదానపు ఊళ్లనుంచి ఒకాయన వచ్చి, ఇంటింటికీ ఉప్పు ఊరికే పంచాడు. మరుసటేడు గుడ్డలు పంచాడు. ఆ పైఏడు వాగు ఒడ్డున ఉన్న మంచి భూముల్లో ఆయన నాగళ్లు దిగాయి. ఉప్పు తిన్న నోళ్లు లేచి అడగలేకపోయాయి.

నాగలత వెళ్లాక పగిడయ్య తీర్పు చెప్పాడు. "ఆ పైసలు ఎవ్వరూ ముట్టొద్దు. గడ్డను చూసినట్టు ముందు నేను చూడాలె."

"ఎట్ల చూస్తవ్ బావా, వాగుల నానబెడ్తవా?" అంది ఎదురింటి జంపక్క. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కరూ, ఖాతాల్లో పడ్డాక కూడా, పైసలు ముట్టలేదు.

ఆ తీర్పు అందరికంటే గట్టిగా తగిలింది ఆయన కూతురు శ్యామలకే. ఆమె అదే గూడెంలో కాపురం చేస్తోంది, ఇప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. వానాకాలంలో ఇంటి మీద రేకులకోసం ఆమె మొగుడు రామకృష్ణ మేస్త్రీ హరిలాల్ దగ్గర కూలికి ముందే బయానా డబ్బు తీసుకున్నాడు. పెనుబల్లి దగ్గర వెంకటప్పయ్య అనే ఆసామి మిరపతోటకు కూలీలను తోలుకుపోయేది హరిలాలే. జంటకు ఇచ్చే బయానా అది. ఇద్దరూ వెళ్లి మిర్చి ఏరాలి, రాలేనివాళ్లు తమ వంతు డబ్బు తిరిగివ్వాలి. నిరుడు శ్యామల మొదటి కడుపు ఆ తోటలోనే, ఎండలో వంగి ఏరుతుండగానే పోయింది. ఈ మంగళవారం మళ్లీ బండి వస్తుంది.

"అయ్యా, నా పేరు మీద పడ్డ పైసలు హరిలాల్ మొఖాన కొడ్త. నన్ను ఇంటికాడ ఉండనియ్యి," అంది శ్యామల.

"రేపు వాళ్లొచ్చి భూమి అడిగితే నీ పిల్ల ఏడ దున్నుకుంటది బిడ్డా?"

"ముందు పిల్ల ఉండాలె గద అయ్యా."

పగిడయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని చేనుకు వెళ్లిపోయాడు. హద్దురాళ్లు ఉన్నచోటే ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ కాలితో తట్టి చూశాడు. ఉన్నాయి. అయినా మనసు కుదురుకోలేదు. ఉప్పు పంచిన ఏడు కూడా రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా చండ్రుగొండ నడిచాడు. డబ్బు తీసి, కొంత ఖర్చుపెట్టి, ఏం జరుగుతుందో చూద్దామని ఆయన ఆలోచన. ఏదైనా అయితే తనకే కావాలి, గూడేనికి కాకూడదు. ఖాతా ఎవరిదైనా పెద్ద వేలికి రాకపోతుందా అనుకుంటూ, వేలిముద్ర పెడితే డబ్బిచ్చే దుకాణంలో బొటనవేలు యంత్రం మీద గట్టిగా అదిమాడు.

దుకాణం పిల్లగాడు తెర చూసి తల అడ్డంగా ఊపాడు. "నీ ఖాతాల పింఛన్ తప్ప ఏం లేదు తాత. గా పైసలు అవ్వ వేలికే వస్తయ్."

"గూడేనికి పెద్దను నేను."

"గది మిషనుకు తెల్వదు తాత."

ఇంటికొచ్చాక ఆయన అనుమానం రెండింతలైంది. పెద్దను దాటి నేరుగా ఆడవాళ్ల చేతికి పోయే సొమ్ములో ఏదో మెలిక ఉండి తీరుతుందని భార్య కన్నమ్మతో చెప్పాడు. ఆమె వాకిట్లో కూర్చుని చేదు గడ్డ తరుగుతోంది.

"అయితే నేనే పోయి చూస్త. నా వేలికే వస్తయ్ గద," అంది కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా.

"నువ్వెట్ల చూస్తవ్? చూసేది పెద్ద."

"గడ్డ తవ్వేది ఎవరు?"

"నువ్వే."

"తరిగేది, వాగుల పెట్టేది, నానిందో లేదో చూసేది?"

"నువ్వే. అయితే ఏంది?"

"నానిందని ఎట్ల తెలుస్తదనుకున్నవ్? నాలుక మీద పెట్టుకుంటేనే తెలుస్తది. వాగుకాడ ఒక ముక్క తింట. ఏం కాకపోతేనే ఇంటికి తెచ్చి ఉడకపెట్టి నీకు పెడ్త. నీ పెండ్లామయినప్పటి సంది గంతే."

కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ పగిడయ్య ఇన్నాళ్లూ చెప్పుకున్న మాట వాకిట్లో తరిగిన ముక్కల మధ్య పడి ఉంది.

"ఎన్నడూ చెప్పలేదేంది?"

"చెప్తే తినవు. నువ్వు తినకపోతే గూడెం తినదు," అంది కన్నమ్మ, ఇంకో గడ్డ అందుకుంటూ.

సోమవారం ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని చండ్రుగొండ వెళ్లింది. తన వేలు పెట్టి డబ్బు తీసింది. కూతుర్ని మాత్రం తీయనివ్వలేదు. ముందు తాను చూడాలి కదా. హోటల్లో పూరీ తిన్నది, ఒక బెల్లం ముద్ద కొన్నది, ఇంటికొచ్చి పడుకుంది. పగిడయ్య మంచం మీద అటూ ఇటూ మెదిలాడు. తెల్లారేసరికి ఆమె లేచి కోళ్లకు నూకలు వేస్తోంది. ఆయన చేను దాకా పోయి వచ్చాడు. రాళ్లు ఉన్నచోటే ఉన్నాయి.

"కడుపుల ఏమన్నా తేడాగున్నదా?" అన్నాడు.

"పూరీకి జర మంటగున్నది. పైసలకేం లేదు."

ఆ పొద్దు ఎక్కకముందే హరిలాల్ బండి వాగు దాటి వచ్చి ఆగింది. కన్నమ్మ కొంగుముడి విప్పి, శ్యామల వంతు బయానా తన పైసల్లోంచి తీసి చాచింది. హరిలాల్ తీసుకోలేదు.

"గివి ఎక్కడివి పెద్దమ్మా?"

"నా ఖాతాల పడ్డయ్."

"ఊరికేనా?" హరిలాల్ పగిడయ్య వైపు తిరిగాడు. "ఊరికే ఎవడిస్తడు పెద్దయ్యా, నువ్వే చెప్పు. రేపు భూమి గుంజుకుంటే మళ్ల నా బయానాకే రావాలె. నా మాటిని పిల్లను బండెక్కియ్యి."

అవి అచ్చంగా పగిడయ్య మాటలే. హరిలాల్ నోట్లోంచి వచ్చేసరికి వాటి రుచి వేరుగా ఉంది. ఆయన కూతురి వైపు చూశాడు. శ్యామల మూట కట్టుకుని వచ్చింది, ఎందుకైనా మంచిదని. ఒక చెయ్యి మూట మీద, ఒక చెయ్యి కడుపు మీద ఉంది. గూడెం ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"బయానా ఇచ్చిననాడు నువ్వేం అడిగినవ్ హరిలాల్?" అన్నాడు పగిడయ్య.

"జంటకు జంట పనికి రమ్మన్న."

"ఆ మధిర పిల్ల ఏం అడగలేదు. అందుకే దాని మీద నాకు అనుమానం. ఇప్పటికీ ఉన్నది. నీ మీద నాకే అనుమానం లేదు. నీ సంగతి నాకు మొత్తం తెలుసు." ఆయన భార్య చేతిలోని నోట్లు తీసుకుని హరిలాల్ జేబులో పెట్టాడు. తర్వాత గుమ్మాల వైపు తిరిగి, గడ్డ తిన్న మర్నాడు చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"కన్నమ్మ తిని చూసింది. చేదు లేదు."

కన్నమ్మ పేరు అలా వినడం గూడేనికి కొత్త. రామకృష్ణ తన వంతు బయానాకు ఒక్కడే బండెక్కాడు. శ్యామల మూట విప్పుకుంటూ ఇంటికి వెళ్లింది. బయానా తీసుకున్న మిగతా ఆడవాళ్లూ తమ వంతు ఖాతాల్లోంచి తీసి కడతామని గుమ్మాలు దిగలేదు. బండి సగం ఖాళీగా వాగు దిగింది.

మరుసటి నెల నాగలత వచ్చినప్పుడు పగిడయ్య ఆమె వెనకే ఇల్లిల్లూ తిరిగాడు. పైసలు పడ్డాయా, తీసుకోవడానికి ఇబ్బందేమైనా ఉందా అని తప్ప ఆమె ఏమీ అడగలేదు. ఆమె స్కూటీ చప్పుడు వినిపించకుండా పోయేదాకా ఆయన వాగు ఒడ్డునే నిలబడి, అటునుంచి అటే చేనుకు వెళ్లి రాళ్లు తట్టి వచ్చాడు.

ఆ సాయంత్రం ఉడికిన గడ్డ ఆకులో పెట్టి కన్నమ్మ ఆయన ముందుకు జరిపింది. పక్కన శ్యామల కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని ఉంది. పగిడయ్య అలవాటుగా చెయ్యి పెట్టి, ఆగి, ఆకును భార్య వైపు నెట్టాడు.

"ముందు నువ్వు."

"నేను వాగుకాడనే తిన్న," అంది కన్నమ్మ. "తిను, చల్లారుతది."