పైపు కోసం తవ్విన కందకం

ఓపెన్‌కాస్టు గని వచ్చాక మా ఊరి బావులు ఎండిపోయాయి. పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయనగానే, సర్పంచుగా నిలబడదామనుకున్న ఒకాయన మా వాడకట్టుకు నీళ్ల పైపు వేయిస్తానని ఇళ్ల ముందు కందకం తవ్వించాడు. అంతలో ఎన్నికలు వాయిదా పడ్డాయి. జేసీబీ వెళ్లిపోయింది. పూడిస్తే ఇక పైపు రాదని, బుద్ధిలేని వాళ్లం, ఆ కందకాన్ని మేమే కాపాడుకున్నాం.

వానాకాలంలో మా అమ్మ అందులో పడి తుంటి విరిగింది. ఆటో గడప దాకా రాలేకపోయింది. మంచం మీద మోసుకుపోయాం.

కందకం తవ్వించినాయన్ని అడిగితే, "నేనేమన్న సర్పంచునా అన్నా? ఆఫీసుల అడుగు" అన్నాడు. సర్పంచు లేని ఊరికి ప్రభుత్వం పెట్టిన అధికారి, "మేం తవ్వలేదు కదా" అన్నాడు.

వాయిదాల మీద వాయిదాలయ్యాక ఎన్నికలు మళ్లీ ప్రకటించారు. అప్పుడు తవ్వించినాయనే ట్రాక్టర్లతో మట్టి తెచ్చి కందకం పూడ్పించాడు, పైపు వేయకుండానే. తర్వాత మా ఇంట్లోకి వచ్చి, మంచంలోంచి లేవలేని అమ్మ కాళ్లకు మొక్కాడు.

"ఫికర్ చెయ్యకు అవ్వా," అన్నాడు. "ఓట్ల నాడు ఆటో పంపుత. సీదా నీ గడప ముంగటికే వస్తది. తొవ్వ సాఫ్ చేయించిన."